స్కిన్నర్ పేరు చెప్పి బెత్తం పట్టకండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చుట్టాల గ్రూపులో ఆ మెసేజి మళ్లీ దిగింది. పోయినసారి ఒక ట్యూషన్ మాస్టారు పంపారు, ఈసారి మా చిన్నబావ. కళ్లద్దాల పెద్దాయన, అదే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ఫొటో, కింద ‘దెబ్బకు దెయ్యం దిగుతుందని సైన్సు తేల్చింది’ అని. అందులో నాలుగు ముక్కలు: గంట కొట్టి కుక్కకు నేర్పింది స్కిన్నర్, 21 రోజులు చేయిస్తే ఏ అలవాటైనా పడిపోతుంది, నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ అంటే దండనే, కాబట్టి తప్పు చేసిన ప్రతిసారీ రెండు తగిలించండి, మొండికేస్తే పట్టించుకోకండి.

కుక్క శాస్త్రవేత్త పావ్లోవ్‌ది, ఊరు రష్యాలో. స్కిన్నర్‌వి పెట్టెలో పెట్టి చూసిన ఎలుకలూ పావురాలూ. 21 రోజుల మాట మాక్స్‌వెల్ మాల్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగుల్ని చూసి 1960లో రాసింది, అదీ ‘కనీసం’ అని. తర్వాత లండన్‌లో కొలిస్తే సగటు 66 రోజులొచ్చింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. సరే, వీటివల్ల ఎవరి వీపూ వాయదు.

మూడోదానితోనే నాకు ఒళ్లు మండేది. మా వీధిలో ఒక గుంటడున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒత్తు తప్పు చదివితే ట్యూషన్లో అరచేతి మీద స్కేలు. ఇప్పుడు ఒడియా పుస్తకం తియ్యమంటే చాలు, వాడికి కడుపునొప్పి. నొప్పి అనగానే వాళ్లమ్మ పడుకోమంటుంది. పుస్తకం మూసేశారు, భయం పోయింది, రేపూ నొప్పి వస్తుంది. బాబూ, నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఇదీ: ఏ పని చేస్తే బాధ తప్పిందో ఆ పని బలపడడం. దండన పనిని తగ్గించడానికి, ఇది పెంచేది. ఇక్కడ పెరిగింది కడుపునొప్పి, ఒడియా కాదు.

కొట్టే పెద్దల సంగతి ఇంకా చిత్రం. చెయ్యి లేవగానే ఇల్లు కిక్కురుమనదు. గోల తప్పింది కదా, మర్నాడు చెయ్యి ఇంకాస్త తొందరగా లేస్తుంది. ఇందులో ఎవరికి తర్ఫీదైందండీ? స్కిన్నర్ ఉండి ఉంటే ఎలుకను వదిలేసి మా బావను పెట్టెలో కూర్చోబెట్టుకునేవాడు.

ఆ స్కిన్నరే 1938లో రాశాడు. మీట నొక్కితే తిండి వస్తుందని ఎలుకలకు అలవాటు చేసి, తిండి ఆపేశాడు. కొన్నిటికి మాత్రం నొక్కినప్పుడల్లా పంజా మీద దెబ్బ. అవి కాసేపు తగ్గాయి. దెబ్బలు ఆగాక మళ్లీ మొదలెట్టాయి, చివరికి మొత్తం నొక్కుళ్లు దెబ్బ తిననివాటితో సమానం. ఫొటో పెట్టుకున్నవాళ్లు ఆయన రాసింది ఒక్క పేజీ చదివినా బాగుండేది.

నాలుగోది, మొండికేస్తే పట్టించుకోవద్దన్నది మాత్రం, ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాను, నిజం. రథయాత్రలో బొమ్మల దుకాణం ముందు దొర్లి ఏడ్చేవాడికి ఏమీ దక్కకపోతే ఆ ఏడుపు సన్నగిల్లుతుంది. కాకపోతే ముందు పెరగొచ్చు, ఆ సంగతి మెసేజిలో లేదు. అప్పుడు జనం చూస్తున్నారని సిగ్గుపడి, మూడుసార్లు కాదని నాలుగోసారి కొనిచ్చారనుకోండి, ఎంతసేపు ఏడిస్తే బొమ్మ వస్తుందో వాడికి మీరే లెక్క చెప్పినట్టు. మొదటే కొనిచ్చి ఉంటే ఇంత మొండితనం రాదు.