రెండు నిమిషాల పని

మా స్నానాలగది కుళాయి పగలూ రాత్రీ కారుతుంది. కానీ పగలు ఎవరికీ వినపడదు. రాత్రి పన్నెండు దాటాక ప్లాస్టిక్ బకెట్లో టప్... టప్... అని మొదలవగానే పక్క గదిలోంచి మా అమ్మ "ఒరే, నిద్రపోయావా?" అంటుంది. నిద్రపోయినవాణ్ణి లేపడానికి ఇంతకు మించిన ప్రశ్న లేదు.

ప్లంబరు వచ్చి చూసి 300 రూపాయలన్నాడు. "వాచరు మారిస్తే ఆగదు మేష్టారూ, కుళాయే మార్చాలి. కుళాయి డబ్బులు వేరే." నాకు ఒళ్ళు మండింది. గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. ద్రవపీడనం మీద నేనిచ్చిన నోట్సు జిరాక్సు షాపుల్లో అమ్ముతారు. అలాంటి నేను ఒక కుళాయి విప్పి ఇంకోటి బిగించడానికి మూడొందలివ్వాలా?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే కొత్త కుళాయి, తెల్ల టేపు చుట్ట కొనుక్కొచ్చాను. పైపు రెంచి ఎదురింటి వాళ్ళనడిగి తెచ్చాను. షాపతను ఊరికే ఉండక "ట్యాంకు ఖాళీ చేసుకున్నారా?" అని అడిగాడు. ఇంటికొస్తే మా ఆవిడా అదే అడిగింది. వెయ్యి లీటర్ల ట్యాంకు, తెల్లారుజామున లేచి నేనే నింపాను. పారబొయ్యడానికి చేతులొస్తాయా? "వాల్వు ఉన్నది ఎందుకు? రెండు నిమిషాల పని" అన్నాను. ఆ రెండు నిమిషాల మాట మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎవరికైనా ఏదైనా పూర్తిగా చెడిపోతే వాడతారు.

డాబా ఎక్కాను. ట్యాంకు అడుగునుంచి రెండు పైపులు బయల్దేరతాయి, రెండిటికీ చెరో వాల్వు. ఒకటి కింద మా వాటాకి, ఒకటి పైవాటాకి. ఏది ఎవరిదో కట్టించిన మా నాన్నగారికి తెలుసు, ఆయన లేరు. పైపు తిరిగిన దిక్కు చూసి, కాస్త తర్కం వాడి, కుడివైపుది మాదని తేల్చాను. బోరు నీళ్ళ ఉప్పు పట్టి అది బిగుసుకుపోయింది. రెంచి వేసి వేలాడితే కిర్రుమంటూ తిరిగింది. చేతులు దులుపుకుంటూ దిగాను.

కింద కుళాయి తిప్పి చూశాను. నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"పైపులో మిగిలినవి, అవే ఆగిపోతాయి" అన్నాను మావాడితో. వాడు బకెట్టు పెట్టాడు. బకెట్టు నిండింది. పారబోసి మళ్ళీ పెట్టాడు. ముప్పావంగుళం పైపు, పది మీటర్ల పొడవు, అందులో మహా పడితే మూడు లీటర్లు. ఇలాంటి లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి బెంచీ ఎక్కించిన చరిత్ర నాది. ఆ పూట మాత్రం నాకు ధార సన్నబడుతున్నట్టే అనిపించింది. ఇంకాసేపుంటే నిజంగా సన్నబడుతుందేమో చూడచ్చు. కానీ పది దాటితే టిఫిన్ ఉండదని వంటింట్లోంచి హెచ్చరిక వచ్చింది.

రెంచి పట్టి తిప్పాను. ఒక చుట్టు, రెండు, మూడు. నాలుగో చుట్టు నేను తిప్పనక్కర్లేకపోయింది. కుళాయి దానంతటదే నా చేతిలోకి వచ్చింది, దాని వెనకే ట్యాంకూ వచ్చింది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, అలవాటు. ట్యాంకు అడుగున కన్నం ఉంటే నీళ్ళు ఎంత వేగంతో బయటికొస్తాయో 1643లోనే ఇటలీలో టారిసెల్లీ లెక్క తేల్చాడు. నీటిమట్టం ఎత్తు తెలిస్తే చాలు. మా కుళాయికీ ట్యాంకుకీ మధ్య ఏడు మీటర్లు. లెక్క ప్రకారం గంటకి 42 కిలోమీటర్లు. పైపు రాపిడికి సగం తీసేసినా, బ్రాడీపేట సందుల్లో ఆటో వచ్చే వేగం. ఆ ఆటో నా ఛాతీకి తగిలింది. కళ్ళజోడు ఎటుపోయిందో తెలియలేదు. ఏటా బ్లాక్‌బోర్డు మీద నేను గీసే బొమ్మలో నీళ్ళు చక్కగా వంపు తిరిగి కింద పడతాయి. అక్కడ ఎవరూ నిలబడి ఉండరు.

బొటనవేలు అడ్డం పెట్టాను. అప్పటిదాకా ఒకే ధారగా వచ్చిన నీళ్ళు నాలుగు ధారలై నాలుగు గోడలకీ కొట్టాయి. మావాడు ప్లంబరుకి ఫోన్ చేశాడు. పెళ్ళిలో ఉన్నాడట, భోజనం చేసి వస్తాడట. మా ఆవిడ తువ్వాలు విసిరింది. అమ్మ మాత్రం నిదానంగా వచ్చి, చూసి, "మా ఊళ్ళో తూముకి జొన్న బెండు కొట్టేవాళ్ళు" అంది. జొన్న బెండు దొరక్క, హల్వా కోసమని తెచ్చిన క్యారెట్టు ఇచ్చారు. మొదటిది తుపాకీ గుండులా నా చెవి పక్కనుంచి పోయింది. రెండోదానికి గుడ్డ చుట్టి దూర్చి, అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. తీస్తే ఊడుతుంది. అలా పది నిమిషాలు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. వాల్వు పాడై ఉంటుంది. ఇక ట్యాంకు ఖాళీ అవడమే మార్గం. నిమిషానికి 30 లీటర్ల చొప్పున వెయ్యి లీటర్లు అరగంటలో అయిపోతాయి. ధైర్యం చేసి క్యారెట్టు పీకేశాను.

అరగంట గడిచింది. నలభై నిమిషాలు. ధార ధారలాగే ఉంది. నీళ్ళు గడప దాటి హాల్లోకి వచ్చాయి. మంచం కింద పెట్టిన ప్రీఫైనల్ పేపర్ల కట్ట తడిసి, సెక్షన్-ఏ అంతా నీలం సిరా చెరువైంది. (ఆ సెక్షన్లో అందరికీ పాస్ మార్కులు వేశాను. వాళ్ళలో ఎవరో నాకు ఆ మర్నాడు మిఠాయి ఇచ్చారు.)

"నాన్నా, నీ లెక్క తప్పేమో" అన్నాడు మావాడు. ఆ మాటకి నేను నొచ్చుకుంటూ ఉండగా పక్కింటాయన గోడ మీదనుంచి కేక వేశాడు.

"మేష్టారూ! మీ ట్యాంకు నిండిపోయి మా వడియాల మీద పడుతోందండీ! మోటారు కట్టండి!"

ఇంట్లో అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నేను వెయ్యలేదు. ఆవిడ వెయ్యలేదు. మావాడు పుట్టి బుద్ధెరిగాక వెయ్యలేదు. ఒక పైపు తొట్టిని నింపుతుంది, ఇంకో పైపు ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఆరో తరగతిలో ఆ లెక్క చూసి, ఏ బుద్ధిలేనివాడు రెండూ ఒకేసారి తిప్పుతాడు అనుకునేవాణ్ణి. అమ్మ వెళ్ళి స్విచ్చి కట్టింది.

ఒంటిగంటకి ప్లంబరు పెళ్ళి బట్టల్లో వచ్చాడు. ప్యాంటు మడిచి, కొత్త కుళాయి మరకి టేపు చుట్టి, కుళాయి పూర్తిగా తిప్పి తెరిచి ఉంచి, ఆ ప్రవాహంలోనే పెట్టి బిగించడం మొదలెట్టాడు. నీళ్ళు బుద్ధిగా కుళాయి మూతిలోంచి బకెట్లోకి పడుతున్నాయి. బిగించాక పిడి తిప్పాడు. ఆగిపోయాయి.

"ట్యాంకు ఖాళీ చెయ్యక్కర్లేదా?" అన్నాను, గొంతు కొంచెం వణికింది.

"ఎందుకు మేష్టారూ నీళ్ళు దండగ! కుళాయి తెరిచి పెడితే దాని దారిన అవి పోతాయి. మూసి పెడితేనే ఎదురుతంతాయి." బకెట్లో తేలుతున్న క్యారెట్టు చూశాడు గానీ పెద్దమనిషి, ఏమీ అడగలేదు. ఐదొందలు తీసుకున్నాడు. మూడొందలన్నావుగా అంటే, అది కుళాయికి, ఇది ఆదివారానికి అన్నాడు.

అంతలో పైవాటా బ్యాంకు కుర్రాడు ఖాళీ బకెట్టుతో మెట్లు దిగి వచ్చాడు. ఆర్నెల్లుగా మోటారు స్విచ్చి ముట్టుకోడని ముందురోజే అతన్ని కూర్చోబెట్టి, నీళ్ళు అందరివైనప్పుడు మోటారూ అందరిదే బాబూ అని అరగంట క్లాసు పీకాను. మడమల లోతు నీళ్ళలో, నిలువెల్లా తడిసి నిలబడ్డ నన్ను చూసి వినయంగా అడిగాడు.

"పొద్దుట్నించీ మాకు చుక్క రావట్లేదండీ. మీరు చెప్పారు కదాని రెండుసార్లు నేనే మోటారు వేశాను, అయినా రావట్లేదు. మీకేమన్నా వస్తున్నాయా మేష్టారూ?"

ప్లంబరు నావైపు ఒకసారి, పైకప్పు వైపు ఒకసారి చూశాడు. రెంచి తీసుకుని, నవ్వు ఆపుకుంటూ, డాబా మెట్లెక్కాడు.