కుదవ అంగడి చెత్త ఎరువు గారికి

మహారాజశ్రీ చెత్త ఎరువు గారి సముఖమునకు,

అనంతపురం పక్కన ఎర్రనేలలో నాలుగెకరాల శెనక్కాయ చేను ఉన్నవాడు రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి. నా మటుకు కుశలమే, తమరి సంగతే తేలాలి.

పట్నం చెత్త కుళ్లబెడితే పుట్టిన తమరి మూట నిన్న విప్పినాను. తొలకరి మన్ను వాసన, మెచ్చుకోవాల్సిందే. గుప్పెడు తీసి నలిపితే వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. గోడ గడియారంలో వేసే సెల్లు. రేకు సగం తినేసి ఉంది, లోపలి నల్లపొడి తమరిలోనే కలిసిపోయింది. ఆ రేకు జింకు. శెనక్కాయకు జింకు సల్ఫేటు నేను దుడ్లు పెట్టి కొంటుంటే, తమరు ఊరికే ఇస్తున్నారు, మహానుభావులు! పాత పెయింటు పెచ్చుల్లో సీసం, ఇంకెక్కడిదో కాడ్మియం, రెండూ విషపు లోహాలే, కొసరు కింద.

మా బామ్మర్ది తమరి వకీలు. "ఏం కాదు బావా, ఎరువులో చెత్త కుళ్లితే పుట్టే హ్యూమిక్ ఆమ్లాలుంటాయి, లోహాలను పట్టేసుకుంటాయి" అంటాడు. అబద్ధం కాదు. తమరిది కుదవ అంగడి. రాగి, సీసం వస్తే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. జింకు, కాడ్మియం అంత పెద్ద సొమ్ము కాదేమో, వాకిట్లో అరుగు మీద కూర్చోబెడతారు. నేల కాస్త పులిస్తే, అంటే ఆమ్లం పెరిగితే చాలు, ఆ పులుపులోని హైడ్రోజన్ అయాన్లు వచ్చి ఆ చోటు లాక్కుంటాయి, ఇవి లేచి నేరుగా మొక్క వేళ్ల దగ్గరికి పోతాయి. కర్నూలు రేగడిలో సున్నం ఉంది, పులుపును విరిచేస్తుంది, అక్కడ తమరి వ్యాపారం నిలకడ. నా చేనులో ఏటా యూరియా గుమ్మరించి పులుపు పెంచుతున్నది నేనే, ఒప్పుకుంటా. పైగా తమరి చిన్న తమ్ముళ్లు ఫుల్విక్ ఆమ్లాలు నీళ్లలో ఇట్టే కరుగుతాయి, రాగిని చెయ్యి పట్టుకుని వెంట తీసుకుపోతాయి.

ఇంకో మాట. కుళ్లేకొద్దీ తమరి ఒళ్లు సగానికి తగ్గుతుంది, కర్బనం గాలిలో కలుస్తుంది. లోహం యాడికి పోతుంది? పులుసు మరిగితే నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోతుందా? ఆ మిగిలిన ఒళ్లు కూడా మా ఎండలకు ఏటికేడు కరిగిపోతుంది. అంగడే లేకపోతే కుదవ సొమ్ములు వీధిలోనే కదా! మా ఎర్రమన్నులోని ఇనుప తుప్పు కొన్నింటిని చేరదీస్తుందనుకోండి, అది దాని మంచితనం.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు తమరి కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. ఎన్ని సొమ్ములున్నాయో లెక్కపెడుతుంది, తాళం పడిందా లేదా అని మాత్రం అడగదు.

మూట ఇంకా గట్టు మీదే ఉంది. కాడ్మియాన్ని ఆకుకూరలు బాగా లాక్కుంటాయి. అయినా నమ్మకమున్నవాడు కదా అని, తోటకూర మడికి తీసుకుపొమ్మని బామ్మర్దికి చెప్పినాను. రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

ఇట్లు,
తమరి ఖాతాదారు