నీళ్లెక్కువ, మార్కులు తక్కువ

మా అక్క కొడుకు పదో తరగతి. ప్రీఫైనల్ లెక్కల్లో వాడికి 61 వచ్చాయి. ఆ సంతోషంలో మా అమ్మ ఓళిగలు చేసింది. రెండు ఓళిగలు నేతిలో ముంచుకుని తిని, మూడోదానికి చెయ్యి చాపుతూ వాడు నాతో అన్న మాట ఇది: "78 మామా అది. ఎవురాడతారు దాన్ని?"

నేను కొనిపెడతానన్న వీడియో గేమ్ గురించి ఆ మాట. తగ్గింపు ధరలో వస్తోంది, బొమ్మలు బాగున్నాయి, కథ కూడా ఏదో ఉన్నట్టుంది అని నేను సంబరపడుతుంటే, వాడు ఫోన్లో ఒక్క అంకె చూసి తోసిపారేశాడు. 61 తెచ్చుకున్నవాడు 78ని ఛీ కొట్టాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఇది పిల్లచేష్ట కాదనీ, దీని వెనక పెద్ద న్యాయవ్యవస్థే ఉందనీ నాకు అప్పుడు తెలిసింది. అనంతపురం జిల్లా ప్రజలకు దీని గురించి ఇంతవరకు ఎవరూ చెప్పకపోవడం అన్యాయం. ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ఈ వ్యవస్థకు సుప్రీంకోర్టు మెటాక్రిటిక్ అనే వెబ్‌సైటు. 2001లో మొదలైంది. గేమ్ విడుదల కాగానే పత్రికలు, సైట్లు సమీక్షలు రాస్తాయి. ఒకరు పదికి వేస్తారు, ఒకరు వందకి వేస్తారు, ఒకరు నక్షత్రాలు అంటిస్తారు, ఇంకొకరు ఏ, బీ, సీ అంటారు. మెటాక్రిటిక్ వాటన్నిటినీ వందకి మార్చి, సగటు తీసి, ఒక్క అంకె చేసి రంగు గడిలో కూర్చోబెడుతుంది. 75, ఆపైన వస్తే ఆకుపచ్చ. 50 నుంచి 74 దాకా పసుపు. ఆ కింద ఎరుపు. అదే సైటులో సినిమాకైతే 61కే ఆకుపచ్చ వేస్తారు. అంటే మావాడి లెక్కల పేపరు సినిమా అయ్యుంటే పచ్చగా కళకళలాడేది. గేమ్ అయ్యుంటే కామెర్లొచ్చినట్టు ఉండేది. పదో తరగతి పేపరు కాబట్టి ఓళిగలొచ్చాయి.

ఆ సగటు కూడా మామూలు సగటు కాదు. కొందరు సమీక్షకుల మాటకు బరువెక్కువ, కొందరి మాటకు తక్కువ. ఎవరి బరువు ఎంతో మాత్రం బయటపెట్టరు. మన పశువుల సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారే, అట్లాంటిదే. ఎద్దు అమ్ముడుపోయిందని ఊరందరికీ తెలుస్తుంది, ఏ వేలు ఎంతన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది.

జపాన్ వాళ్లది ఇంకా పాత పద్ధతి. ఫామిట్సు అనే పత్రిక 1986 నుంచీ ఉంది. నలుగురు కూర్చుని తలా పదికి వేస్తారు, మొత్తం నలభై. పంచాయతీకి ఐదుగురు కావాలని మనం పట్టుబట్టాం గానీ, వాళ్లు నలుగురితోనే సర్దుకున్నారు. నలభైకి నలభై మొదట వచ్చింది 1998లో, 'జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్' అనే గేమ్‌కు. మెటాక్రిటిక్‌లో దానికి 99. ఆ మిగిలిన ఒక్కటి ఎక్కడ పోయిందని అడిగే తండ్రి మన దగ్గరైతే ఇంటికొకడుంటాడు.

ఇక పదికి వేసే మార్కుల సంగతి. పేరుకు పది అంకెలున్నా, వాడుకలో ఉన్నవి నాలుగే. ఆఫీసులో పది కిటికీలుండి, నాలుగింటి దగ్గరే మనుషులున్నట్టు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు గాలికీ వెలుతురుకూ ఉన్నాయంతే. 7 అంటే మంచి మార్కే కదా అని మీరనుకుంటారు. సంబంధాలు చూసేటప్పుడు "పిల్లోడు మంచోడే" అని ఆపేస్తారు చూడండి, 7 అంటే అది. 8 అంటే ఫరవాలేదు, జాతకాలు చూద్దాం. 9 వస్తేనే లగ్నపత్రిక. 2006లో గేమ్‌స్పాట్ అనే సైటు 'జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్'కు 8.8 వేస్తే అభిమానులు భగ్గుమన్నారు. ఎనిమిదీ ఎనిమిదీ ఏందని! "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని టీవీలో ర్యాంకులు చదివే ప్రకటనలు వింటూ పెరిగినవాడిని కాబట్టి వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

అంకెలతో కడుపులు కూడా ముడిపడి ఉన్నాయి. 2010లో 'ఫాలౌట్: న్యూ వేగస్' అనే గేమ్ వచ్చింది. తయారుచేసింది అబ్సిడియన్ అనే సంస్థ. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ లేదు. ఈ సంగతి 2012లో ఆ గేమ్ తీసినవాళ్లలో ఒకరైన క్రిస్ అవలోన్ బయటపెట్టాడు. ఒక్క మార్కులో సీటు పోగొట్టుకున్నవాళ్లు మన వీధివీధికీ ఉన్నారు గానీ, మనవాళ్లకు రీకౌంటింగ్ అనే ఊరటైనా ఉంది. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టి మూడు వారాలు దేవుళ్లకు మొక్కుకోవచ్చు. పాపం వాళ్లకు అదీ లేదు.

మార్కులు వేసేవాడి బతుకూ సుఖంగా లేదు. 2007లో గేమ్‌స్పాట్‌లో జెఫ్ గర్స్ట్‌మన్ అనే ఆయన 'కేన్ అండ్ లించ్'కు 6 వేశాడు. ఆ రోజుల్లో ఆ సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలే. విందు పెట్టినవాళ్ల పందిట్లో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆ నెలలోనే ఉద్యోగం పోయింది. సమీక్షల మీద ప్రకటనలిచ్చేవాళ్ల ఒత్తిడి ఉండేదని 2012లో గానీ ఆయన నోరు విప్పలేదు.

ఇదంతా చదివాక, ఈ పద్ధతిని మన జిల్లాలో అమలు చేస్తే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. మావాడిని వెంటబెట్టుకుని పొద్దున ఆరింటికే వీధి చివర ఉగ్గాని బండి దగ్గరికి పోయాను. వాడు నోటుబుక్కు తెచ్చాడు. గ్రాఫిక్స్: బొరుగులకు పసుపు బాగా పట్టింది, పైన పుట్నాల పొడి, 9. సౌండ్: బజ్జీ నూనెలో పడ్డప్పటి చప్పుడు, 9. డిఫికల్టీ: బజ్జీలోని మిరపకాయ హార్డ్ మోడ్‌లో ఉంది, కళ్లలో నీళ్లొచ్చాయి, 7. రీప్లే వాల్యూ: రెండో ప్లేటు తిన్నాడు, 9. అన్నీ కూడి నాలుగుతో భాగిస్తే ఎనిమిదిన్నర. (లెక్క తప్పలేదు. 61 ఊరికే రాలేదు.) బండాయన దగ్గరికి పోయి, మర్యాదగా, "పదికి ఎనిమిదిన్నర ఇస్తాండా" అన్నాడు.

ఆయన చేతిలోని జల్లిగరిటె పక్కన పెట్టాడు. "మిగిలిన ఒకటిన్నర ఎప్పుడిస్తావు నాయనా?"

ఇంకొక చిక్కూ ఉంది. ఆరింటికి తిన్నవాడి తీర్పు పదింటికి వచ్చేవాడికి పనికిరాదు. అప్పటికి ఉగ్గాని చల్లారి ఉంటుంది, బజ్జీలు మెత్తబడి ఉంటాయి. 2020 డిసెంబరులో జరిగింది ఇదే. 'సైబర్‌పంక్ 2077' విడుదలకు ముందు సమీక్షకులకు పంపినవన్నీ కంప్యూటర్ కాపీలే. వాళ్లు వేడివేడిగా తిని మెచ్చుకున్నారు. సోనీ కంపెనీవాళ్ల పాత ప్లేస్టేషన్ మిషను మీద ఆడినవాళ్లకు అది అడుగడుక్కీ ఆగిపోయింది. సోనీ ఆ నెలలోనే దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

పెద్దల తీర్పు ఇట్లా ఉంటే జనం తీర్పు ఇంకా వేగం. 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' వచ్చింది. ఆడి ముగించాలంటే ఇరవై గంటలు దాటుతుంది. వచ్చిన రోజే వేలమంది సున్నాలు వేసిపోయారు. ఆ తర్వాత మెటాక్రిటిక్ ఒక నియమం పెట్టింది: గేమ్ విడుదలయ్యాక 36 గంటల దాకా జనం మార్కులు వేయకూడదు. ఒకటిన్నర రోజు మైల పట్టాలన్నమాట. సున్నా వెయ్యదలచుకున్నవాడు తలస్నానం చేసి, ముప్పైఏడో గంటలో వచ్చి వేస్తాడు.

అసలు మార్కులే వద్దని 2015లో యూరోగేమర్ సైటు వాటిని ఎత్తేసింది. 2023లో నక్షత్రాల రూపంలో మళ్లీ తెచ్చింది. మన రాష్ట్రంలో మద్యనిషేధం చూసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు నేను అసలు ఈ వ్యాసానికి కూర్చోవడానికి కారణమైన తీర్పు దగ్గరికి వస్తాను. 2014 నవంబరు. ఐజీఎన్ అనే పేరున్న సైటు 'పోకేమాన్ ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్' గేములకు 7.8 వేసింది. వందకి లెక్కేస్తే మావాడు ఛీ కొట్టిన ఆ 78. మార్కు కింద లోపాలు రాశారు. వాటిలో ఒకటి: నీళ్లు మరీ ఎక్కువ.

దాన్ని రెండుసార్లు చదివాను. తర్వాత బయటికి పోయి మా అమ్మకు చదివి వినిపించాను. అప్పుడామె కొళాయి దగ్గర ఉంది. మా వీధికి రోజు మార్చి రోజు నీళ్లొస్తాయి. ఆ గంటలో ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, పెద్ద తపేలా, చివరికి ఇడ్లీ పాత్ర కూడా వరసలో ఉంటాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. దేశంలో జైసల్మేర్ తర్వాత మనదేనని బడిలో గర్వంగా చెప్పుకునేవాళ్లం, ఏదో ఒకదాంట్లో రెండో ర్యాంకు వచ్చింది కదా అని. అమ్మ బిందె కింద ఇంకో బిందె జరిపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అడిగింది.

"నీళ్లెక్కువైనాయని మార్కులు తీసినారా? యా ఊరోళ్లురా వాళ్లు?"

సమీక్షకుల తరఫున కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. జపాన్‌లోని క్యూషూ దీవిని చూసి గీసిన మ్యాపు అది, తూర్పువైపంతా సముద్రమే. ఎంతసేపు పోయినా నీళ్లే, ఆ నీళ్లలో ఎదురొచ్చేవీ మళ్లీ మళ్లీ అవే జీవాలు. విసుగు రావడం న్యాయమే. కానీ హెచ్చెల్సీలో, అంటే తుంగభద్ర ఎగువ కాలువలో, నీళ్లొదిలారని తెలిసి స్కూటరేసుకుని చూడ్డానికి పోయే ఊళ్లో ఈ న్యాయం నిలబడదు. అందుకని నాదొక సవరణ: ఇకమీదట ప్రతి సమీక్ష కింద మార్కులతోపాటు, రాసినవాళ్ల ఊరి సగటు వర్షపాతం కూడా అచ్చు వేయాలి. చిరపుంజి వాడు 7.8 వేస్తే మనం 9.5గా చదువుకుంటాం.

ఈ తీర్పు మీద అప్పీలుకు పోదామనే పట్టుదలతో, మావాడు స్నేహితుడి అన్న బెంగళూరు నుంచి తెచ్చుకున్న పాత త్రీడీఎస్, అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషను, అడిగి తెచ్చాడు, ఆ గేమ్‌తో సహా. నాలుగు రోజులుగా దాన్నొదల్లేదు. 78 కదరా అంటే, "ఉండు మామా, బ్యాటరీ అయిపోతాంది" అంటాడు.

నిన్న సాయంత్రం వాడు వసారాలో కూర్చుని ఆడుతుంటే మా అమ్మ వెనక నిలబడి చూసింది. తెర నిండా నీలం. వాడు ఏదో జీవం వీపెక్కి పోతున్నాడు, పోతూనే ఉన్నాడు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఇంకొంచెం వంగింది.

"ఇన్ని నీళ్లు యాడివిరా?"

"సముద్రం అవ్వా."

"సముద్రమా? ఉప్పునీళ్లా?" అమ్మ కళ్లద్దాలు తీసేసి లోపలికి పోతూ నాకేసి చూసింది. "అట్లయితే ఇంకో రెండు తియ్యమను."