ఒక తెర ముందు నలుగురు

ఆసియాలో మొట్టమొదట కరెంటు వీధిదీపాలు వెలిగింది బెంగళూరులోనే అని ఈ నగరంలో బడికి వెళ్లే పిల్లల్లో చాలామంది తడుముకోకుండా చెబుతారు. ఇంటర్నెట్‌లో వెతికితే పేజీ తరువాత పేజీలో ఇదే మాట, దాదాపు ఇవే పదాల్లో కనిపిస్తుంది. 1905లో ఇప్పటి కె.ఆర్. మార్కెట్ ప్రాంతంలో దీపాలు వెలిగిన మాట నిజం. శివనసముద్రంలో పుట్టిన విద్యుత్తు 1902లోనే కోలారు బంగారు గనులకు చేరి, మూడేళ్ల తరువాత నగర వీధుల్లోకి వచ్చింది. అదీ నిజమే. కానీ టోక్యోలోని గింజా వీధిలో 1882లోనే కరెంటుతో వెలిగే ఆర్క్ దీపం వెలిగించారు. మన దేశంలోనే డార్జిలింగ్ దగ్గరి సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం 1897లో మొదలై ఆ పట్టణానికి వెలుగునిచ్చింది. ‘ఆసియాలో మొదటిది’ అన్న ముక్కను ఒకరు రాస్తే మరొకరు ఎత్తి రాశారు. ఎవరూ సరిచూడకపోవడంతో అది స్థిరపడిపోయింది.

ఎనిమిదో తరగతికి ఈ అంశం మీద ప్రాజెక్టు ఇచ్చారనుకుందాం. జరిగేది ఏ తల్లిదండ్రులకైనా తెలిసిందే. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడు అమ్మ ఫోను అందుకుంటాడు. మొదట కనబడిన పేజీ తెరుస్తాడు. మర్నాడు ఉదయం బడి దగ్గరి జిరాక్స్ దుకాణంలో రంగుల ప్రింట్లు తీయించి, అట్ట ఫైలులో పెట్టి ఇచ్చేస్తాడు. కాగితం అడుగున వెబ్‌సైటు చిరునామా, పక్కన సగం తెగిన ప్రకటన బొమ్మ అలాగే ఉంటాయి. యాభై ఫైళ్లు దిద్దాల్సిన టీచరుకు ఒక్కొక్కటీ చదివే తీరిక ఎక్కడిది? సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. పిల్లవాడు నేర్చుకున్నది ఒక్కటే: తెర మీద కనబడినదాన్ని కాగితం మీదకు దించితే పని అయిపోతుందని. ఇప్పుడు చాట్‌బాట్లు వచ్చాయి, ఆ మాత్రం శ్రమ కూడా తప్పింది. అడగగానే జవాబు వస్తుంది. ఆధారం ఏదని అడిగితే అసలు లేని పుస్తకం పేరు సైతం అంతే ధీమాగా వస్తుంది.

ఈ పనిని ఇంటి నుంచి తరగతి గదిలోకి తేవాలన్నది మా అభిప్రాయం. నలుగురు పిల్లలకు ఒక తెర చాలు. ఒకరు వెతుకుతారు, ఒకరు బయటికి చదువుతారు, ఒకరు ఏ సంగతి ఎక్కడ దొరికిందో నోటుపుస్తకంలో రాస్తారు. నాలుగో పిల్ల పని ఒప్పుకోకపోవడం. ‘ఇది రాసినవాళ్లెవరు? వాళ్లకెలా తెలుసు? ఇంకెక్కడైనా ఉందా?’ అని ఆ పిల్ల అడుగుతూనే ఉండాలి. వచ్చే వారం వంతులు మారతాయి. వీధిదీపాల పాఠంలో సిద్రాపాంగ్ పేరు బయటికి తీసేది ఆ నాలుగో పిల్లే.

ఇది మేం ఊహించి చెబుతున్న పద్ధతి కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చరిత్ర ఆచార్యులనూ విద్యార్థులనూ వృత్తిగా నిజనిర్ధారణ చేసేవారినీ కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో చూశారు. ఆచార్యులూ విద్యార్థులూ ఆ పేజీనే పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు. అందమైన లోగో చూసి, చివర ఉన్న ఆధారాల పట్టిక చూసి మోసపోయినవారు వారిలో ఉన్నారు. నిజనిర్ధారకులు పేజీని పూర్తిగా చదవను కూడా లేదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది నేర్పడానికి ఖరీదైన యాప్ ఏదీ అక్కర్లేదు. నాలుగైదు పీరియడ్లు చాలు, నేర్పే టీచరుకు ముందుగా అలవాటు ఉంటే.

కలిసి చదవడం తరువాతి మెట్టు కలిసి రాయడం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అక్కడ ప్రతి వ్యాసం పైన ‘చర్చ’ అనీ ‘చరిత్ర’ అనీ రెండు మీటలు ఉంటాయి. చరిత్ర నొక్కితే ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు చేర్చారో, ఎవరు తీసేశారో వరుసగా కనిపిస్తుంది. చర్చ నొక్కితే ఎందుకు తీసేశారన్న వాదన కనిపిస్తుంది. అచ్చయిన పాఠ్యపుస్తకం ఇదంతా చూపించదు. జ్ఞానం అనేది మనుషులు వాదులాడుకుని, దిద్దుకుని నిలబెట్టే పని అని పిల్లలకు కళ్లకు కట్టే చోటు అది. బడిలో నలుగురు ఒకే డాక్యుమెంటులో రాస్తున్నప్పుడు కూడా ఈ సవరణల చరిత్ర ఉంటుంది. పని ఎవరు చేశారు, పేరు మాత్రమే ఎవరు పెట్టారు అన్నది టీచరుకు దాచినా దాగదు.

ఆత్రపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2011లో పుణే కళాశాలల్లో వికీపీడియా వ్యాసరచనను చదువులో భాగం చేస్తూ ఒక ప్రయోగం జరిగింది. వందలాది విద్యార్థులను ఒక్కసారిగా దింపారు. చాలామంది పుస్తకాల నుంచీ ఇతర సైట్ల నుంచీ పేరాలకు పేరాలు ఎత్తి అతికించారు. వాటిని వెతికి తొలగించలేక ప్రపంచం నలుమూలల ఉన్న స్వచ్ఛంద సంపాదకులు సతమతమయ్యారు. కొద్ది నెలల్లోనే, ఆ ఏడాది నవంబరుకల్లా, ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది. తప్పు ఆ విద్యార్థుల మీద తోసేయడం అన్యాయం. పదిహేనేళ్లపాటు ఎత్తి రాయడమే చదువని నేర్పి, ఒక్క సెమిస్టరులో సొంతంగా రాయమంటే ఎక్కడి నుంచి వస్తుంది?

పక్కనున్న కేరళ వేరే దారి తొక్కింది. అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ 2009లో ‘స్కూల్ వికీ’ ప్రారంభించింది. పదిహేను వేలకు పైగా బడులకు అందులో పేజీలున్నాయి. తమ బడి పుట్టుక, ఊరి చరిత్ర, స్థానిక మాటలు, పాటలు, కథలు మలయాళంలో బడివాళ్లే సేకరించి రాస్తారు. ఎత్తి రాయడానికి ముందే రాసిపెట్టిన పేజీ లేదు కాబట్టి పిల్లలు తాతలను, మేస్త్రీలను, చెరువు గట్టు మీద కూర్చునే పెద్దలను అడగక తప్పదు. ఇంటర్నెట్‌ను వాడుకోవడానికి ఇంతకన్నా ఆరోగ్యకరమైన మార్గం మాకు తెలియదు. మారతహళ్లి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ బడుల పిల్లలు తమ చుట్టూ ఉన్న చెరువుల కథ ఇలా రాయగలిగితే ఈ నగరానికే మేలు.

బెంగళూరు తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో ఇంకో అక్కర ఉంది. అనంతపురం, పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చినవారి పిల్లలు కన్నడ మాధ్యమపు సర్కారు బడుల్లో చేరుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలు ఇంగ్లిషు బడుల్లో ఉన్నారు. ఇంట్లో మాట్లాడే తెలుగు చదవడం ఇద్దరిలోనూ చాలామందికి రాదు. పుస్తకాల దుకాణాల్లో తెలుగు పిల్లల పుస్తకం దొరకడం గగనం. ఆన్‌లైన్‌లో మాత్రం పరిస్థితి వేరు. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం తెలుగుతో సహా ఏడు మాధ్యమాల్లో పుస్తకాలు వేస్తుంది, వాటిని ఉచితంగా దించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లిషుతో ఉంటాయి, అవీ ఉచితమే. ఈ నగరంలోనే ఉన్న పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లిషులో దొరుకుతుంది. ఎవరైనా అనువదించవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ హక్కును లైసెన్సులోనే రాసి ఇచ్చారు. కన్నడ బడిలో ప్రొజెక్టరు మీద అదే కథను పక్కపక్కన రెండు భాషల్లో పెడితే, తెలుగు పిల్ల మెల్లగా కూడబలుక్కుంటూ కన్నడ పిల్లకు చదివి వినిపిస్తుంది. లిపులు ఎంత దగ్గరివో ఇద్దరూ తమకు తాముగా కనిపెడతారు. ఇంట్లో మాట్లాడే భాషకు బడిలో విలువ ఉందని ఆ కూలివాళ్ల బిడ్డకు తెలియడం మాకు చిన్న సంగతిగా అనిపించడం లేదు.

ఇక భద్రత. దీన్ని తాళం వేసే విషయంగా చూడటం మన పాలకులకు అలవాటు. 2020 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం అయిదో తరగతి వరకు ఆన్‌లైన్ తరగతులనే నిషేధించింది. జూలైలో హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. నిషేధాలు ఎలా ఉన్నా ఫోన్లు పిల్లల చేతికి వచ్చేశాయి. పల్లె పిల్లల చదువును సర్వే చేసే అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువు పనికి వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. పల్లెలోనే ఇలా ఉంటే బెంగళూరులో వేరుగా ఉంటుందని ఎవరూ అనుకోరు. ఒంటరిగా, గదిలో, రాత్రిపూట వాడే ఫోనులోనే ఎక్కువ ప్రమాదం. నలుగురి మధ్య, టీచరు నడుస్తూ చూస్తున్న గదిలో వాడే తెరలో ఆ ప్రమాదం చాలా తక్కువ. కలిసి పనిచేయించడమే సగం రక్షణ అని మేం చెప్పడం ఇందుకే.

మిగతా సగం పెద్దవాళ్లు చేయాల్సిన పని. పిల్లల వివరాలను ఇష్టం వచ్చినట్లు ఊరిమీద పడేస్తున్నది పెద్దలే. తరగతి వాట్సాప్ గ్రూపులో మార్కుల జాబితా పెడతారు. వార్షికోత్సవం ఫోటోల్లో పిల్లల పేర్లు, తరగతి, బడి బస్సు నంబరు కూడా కనబడతాయి. ఎవరో చెప్పిన క్విజ్ యాప్‌లో ముప్పై మంది చేత తల్లిదండ్రుల ఫోను నంబర్లతో ఖాతాలు తెరిపిస్తారు. ఆ నంబర్లు ఎక్కడికి పోతాయో టీచరుకూ తెలియదు. ప్రభుత్వ వేదిక అయితే నిశ్చింతగా ఉండవచ్చని అనుకోవడానికీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాకు చెందిన పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల, దాదాపు ఆరు లక్షల విద్యార్థుల వివరాలు రక్షణ లేని సర్వరులో అందరికీ అందుబాటులో ఉండిపోయాయని 2023 జనవరిలో బయటపడింది. అంతకు ముందు ఏడాది అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల ప్రభుత్వాలు సిఫార్సు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లనూ సైట్లనూ పరిశీలిస్తే, వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు లేదా భంగం కలిగించేలా సమాచారం సేకరిస్తున్నట్లు తేలింది.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజంగా వారిచ్చిందేనని రుజువు కావాలి. పిల్లలను గమనిస్తూ వారిపై ప్రకటనలు గురిపెట్టడం నిషిద్ధం. ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. బడులు ఆ మినహాయింపులను కవచంగా వాడుకోకుండా, గడువు ముగిసే దాకా ఆగకుండా, ఇప్పుడే తమ ఇల్లు చక్కదిద్దుకోవాలి. ఖాతా అక్కర్లేని సైట్లు ఎన్నో ఉన్నాయి, వాటినే ముందు వాడాలి. ఖాతా తప్పదనుకుంటే పిల్లల అసలు పేర్లతో కాకుండా బడి ఇచ్చిన సంకేత పేర్లతో తెరవాలి. ఏ యాప్ ఏ వివరాలు అడుగుతోందో ఒక్క కాగితం మీద తెలుగులో, కన్నడంలో, ఇంగ్లిషులో రాసి ఇంటికి పంపాలి. నాలుగు పేజీల ఇంగ్లిషు పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటే అది అనుమతి అనిపించుకోదు.

పిల్లలు నోరు విప్పని విషయం ఒకటుంది. తెర మీద కనబడకూడనిది కనబడినా, తరగతి గ్రూపులో తోటివాళ్లు ఏడిపించినా, ఎవరో తెలియని మనిషి ఫోటో అడిగినా చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు. ఫోను లాక్కుంటారనీ, తిట్లు తమకే పడతాయనీ భయం. ఆ భయం పోగొట్టకుండా పెట్టే ఫిల్టరు ఏదీ పనిచేయదు. చెప్పిన పిల్లకు శిక్ష ఉండదని తరగతిలో మొదటి రోజే టీచరు మాట ఇవ్వాలి, ఆ మాట మీద నిలబడాలి. పిల్లల సహాయవాణి 1098, సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబర్లు నల్లబల్ల పక్కన రాసి ఉండాలి. రాసి ఉంచడంతో సరిపెట్టకుండా ఎప్పుడు ఏ నంబరుకు ఫోను చేయాలో పిల్లల చేత చెప్పించాలి.

ఇదంతా టీచర్ల నెత్తిన పడే మరో భారంగా మారితే ఏమీ జరగదు. సర్వేలు, పోర్టల్లో హాజరు, ఫోటోల అప్‌లోడు వంటి పనులతో వారి సమయం ఇప్పటికే హరించుకుపోతోంది. వారానికి రెండు పీరియడ్ల సమయం టైంటేబుల్‌లో విడిగా కేటాయించి, ఆ పీరియడ్లలో టీచరును వేరే పనికి పిలవకూడదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. శిక్షణ కూడా యాప్ అమ్మే సంస్థల ప్రతినిధుల చేతుల్లో పెట్టకూడదు. తరగతి గదిలో ఈ పని చేసి చూసిన టీచర్లే తోటి టీచర్లకు నేర్పాలి.

కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల్లో ఎస్‌డీఎంసీలు, అంటే బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఉన్నాయి, వాటిలో ఎక్కువమంది సభ్యులు తల్లిదండ్రులే. తెలుగు కుటుంబాలు మనది కాని ఊరని వెనుక వరుసలో కూర్చోవద్దని మా విన్నపం. విద్యాసంవత్సరం మొదటి సమావేశంలోనే నాలుగు ప్రశ్నలు లేవనెత్తండి. మా పిల్లల వివరాలు ఏయే యాప్‌లలో ఉన్నాయి? తరగతి గ్రూపును ఎవరు నడుపుతున్నారు, అందులో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు? కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉంది, వారానికి ఎన్నిసార్లు తెరుస్తున్నారు? ఈ ఏడాది పిల్లలు కలిసి రాయబోయేది దేని గురించి? జవాబులు సమావేశం పుస్తకంలో రాయించండి. తరువాతి సమావేశంలో ఆ పేజీ తెరిపించి మళ్లీ అడగండి.