కుక్కను కడిగిన చేతికే టిప్పు ఇవ్వండి

మన బరంపురంలో ఒకప్పుడు కుక్కకు స్నానమంటే పెరట్లో రెండు బకెట్ల నీళ్లు. ఇప్పుడు గ్రూమింగ్ పార్లర్లు వచ్చాయి. వాటితోపాటే టిప్పు ఎంతివ్వాలన్న టెన్షన్ కూడా వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు బిల్లులో 15, 20 శాతం అంటారు. అక్కడి అలవాటు అక్కడిది. ఇక్కడ నేనైతే పడిన చాకిరీని చూసి ఇవ్వాలంటాను.

ఆ చాకిరీ ఒకసారి దగ్గరుండి చూడండి. ఈ ఉక్కపోతకు మా షిట్జూ జాతి కుక్కకి చెవుల వెనకా చంకల్లోనూ బొచ్చు ఉండలు కట్టింది. పార్లర్లో పనిచేసే కుర్రాడు గబుక్కున కత్తెర వేయలేదు. ఉండ మొదట్లో రెండు వేళ్లతో బిగించి పట్టుకుని, చర్మం లాగకుండా కొసల నుంచి కొంచెం కొంచెంగా దువ్వుకొచ్చాడు. గోళ్లు నల్లగా ఉంటే లోపలి రక్తనాళం కనబడదు. కాస్త ఎక్కువ కత్తిరిస్తే రక్తమే. గోమార్లు ఒక్కొక్కటీ ఏరాలి. ఇదంతా డ్రయ్యర్ హోరులో, ఎగిరే బొచ్చులో నిలబడి చేసే పని.

అతనికి యాభయ్యో వందో ఇమ్మంటే 'బిల్లు కట్టాంగా' అంటాం. బిల్లు ఓనరుకు పోతుంది. గోడ మీది క్యూఆర్ కోడ్‌కు టిప్పు కలిపి కొట్టినా అంతే. ఒక పార్లర్లో అడిగితే, 'అది మాదాకా రాదక్కా' అన్నాడు పనిచేసే అబ్బాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పోస్ట్‌మ్యాన్‌కి దసరా మామూలు చేతికే ఇస్తాం కదా! ఇక్కడా నోటు చేతికివ్వండి, లేదా అతని ఫోన్‌పే నంబరు అడగండి. ఓనరే స్వయంగా చేస్తే టిప్పు అక్కర్లేదు.

ఎండాకాలమని చెప్పాపెట్టకుండా పామరేనియన్‌కు గుండు కొట్టేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వను. ఆ రెండు పొరల బొచ్చే దాన్ని ఎండనుంచి కాపాడేది.

ఇంకోమాట. మీ కుక్కకు కరిచే అలవాటుంటే, రేబీస్ టీకా గడువు దాటి ఉంటే, బల్ల ఎక్కించకముందే చెప్పండి. దాచిపెట్టి, అతని చేతికి పళ్లు దిగాక ఐదొందలతో సరిపెట్టకండి. ఇంజెక్షన్ల ఖర్చూ, అతను పనికి రాలేని రోజుల కూలీ మీరే పెట్టుకోవాలి.