తలకింత అన్న చోటే లెక్క తప్పుతోంది

మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కిందటి నెల ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో కలిసి మొత్తం ఆరుగురు థాయ్‌లాండ్ వెళ్లాలని అనుకుంటున్నారు. అది ఏజెంటు ఇచ్చిన కొటేషన్. మూడో రోజుకు ఎదురుగా ‘కోరల్ ఐలాండ్, ఇండియన్ లంచ్‌తో, తలకు రూ. 2,400’ అని ఉంది. "తలకి రెండువేల నాలుగొందలంటే ఏటంత ఎక్కువండీ, విమానానికే అంత పోసినోళ్లం" అన్నారాయన. ఆరుతో హెచ్చవేసి చూడండి మాస్టారూ అన్నాను. జీవితమంతా పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన మనిషి ఒక క్షణం ఆగి, "పద్నాలుగువేల నాలుగొందలు" అని మెల్లగా అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనవాళ్లకు వీసా అక్కర్లేదని చెప్పిన సంగతీ, 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కూ కౌలాలంపూర్‌కూ నేరుగా విమానాలు మొదలైన సంగతీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. విమాన టికెట్ల మీద వంద రూపాయల తేడా కోసం అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకు కూర్చునే కుటుంబాలే, దిగిన తరువాత తిరగడానికయ్యే ఖర్చు దగ్గరకు వచ్చేసరికి ఏజెంటు రాసిచ్చిన అంకెను వేదవాక్కుగా తీసుకుంటున్నాయి. మహా అయితే ‘టాక్సీ చవకా, డే టూర్ చవకా’ అని ఒకరినొకరు అడుగుతారు. ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉంది.

టూర్ వాడు చెప్పేది మనిషికి ధర. టాక్సీ వాడు చెప్పేది బండికి ధర. ఉద్దానంలో కొబ్బరిని కాయల లెక్కనా, పలాసలో జీడిపప్పును కిలోల లెక్కనా కొంటాం గాని, కాయ చవకా కిలో చవకా అని ఎవరూ పోల్చి చూడరు. విదేశాల్లో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నలుగురు గాని, అంతకు మించి గాని ఉన్న కుటుంబానికి తలకింత అని అమ్మే డే టూర్ దాదాపు ఎప్పుడూ నష్టపు బేరమే. ఊళ్లో తిరగడానికి మీటరు టాక్సీ, ఊరు దాటి వెళ్లడానికి రోజు మొత్తానికి మాట్లాడుకున్న బండి, ఈ రెండూ తెలిసినవాడికి టూర్ టికెట్‌తో పని పడేది చాలా అరుదు.

కౌలాలంపూర్ విమానాశ్రయంలో దిగగానే ఈ లెక్క కళ్లకు కడుతుంది. అక్కడి నుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలుకు పెద్దవాళ్ల టికెట్ 55 రింగిట్లు. ఒంటరిగా దిగినవాడికి అది మంచి బేరం. అరగంటలో ఊళ్లో ఉంటాడు. నలుగురు పెద్దవాళ్లు దిగితే అదే రైలుకు 220 రింగిట్లు అవుతుంది, యాప్‌లో పిలిచిన కారు టోల్‌తో కలిపి వంద రింగిట్లకు అటూఇటూగా నలుగురినీ సామానుతో సహా హోటల్ గుమ్మంలో దింపుతుంది. రైలు ధరా మారలేదు, కారు ధరా మారలేదు. మనుషుల సంఖ్య మారేసరికి చవకది ఖరీదైపోయింది, ఖరీదైనది చవకైపోయింది. ఆ ఊళ్లోనే మనవాళ్లు తప్పక వెళ్లే బటు గుహల సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ఉంది. 272 మెట్లెక్కి పై గుహలోకి వెళ్లడానికి టికెట్ లేదు, కొండ కింద దాకా లోకల్ రైలు వెళుతుంది. అయినా ‘హాఫ్ డే బటు కేవ్స్ టూర్’ అని తలకింత పెట్టి అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం.

మాస్టారి కాగితంలోని కోరల్ ఐలాండ్ సంగతి ఇంకా విడ్డూరం. అది పట్టాయా ఒడ్డున నిలబడితే కంటికి కనిపించే కో లాన్ దీవి. ఊరి చివర బాలిహాయ్ రేవు నుంచి అక్కడికి మామూలు పడవలు నడుస్తాయి. టికెట్ 30 బాట్‌లు, ప్రయాణం ముప్పావుగంట లోపు. బాట్ మన డబ్బుల్లో రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతోంది కనుక ఆరుగురు వెళ్లి రావడానికి అయ్యే 360 బాట్‌లు అంటే వెయ్యి రూపాయలకు కాస్త అటూఇటూ. దీవిలో ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కు తీసుకెళ్లే వెనక బల్లల బండ్లు వేరేగా ఉన్నాయి, వాటికీ పదుల బాట్‌ల వ్యవహారమే. మరి మిగతా పదమూడు వేలూ దేనికి? స్పీడ్‌బోటు త్వరగా చేరుస్తుంది, నిజమే. కానీ ఆ బోటు తిన్నగా దీవికి పోదు. సముద్రం మధ్య పారాసెయిలింగ్ చేయించే తేలుడు బల్ల దగ్గర ఆగుతుంది. ఆ ఆటకు డబ్బు టూర్ ధరలో కలవదు. ఎక్కనివాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఎక్కినవాళ్లు దిగేదాకా ఎండలో చూస్తూ ఉండాలి. పక్క పిల్లలు గాల్లోకి లేస్తుంటే మన పిల్లలు మన ముఖం వైపు చూస్తారు. ఆ చూపు మీద ఎంత వ్యాపారం నడుస్తుందో పిల్లలున్న ప్రతివాళ్లకూ తెలుసు. త్వరగా చేర్చే బోటు ఆదా చేసిన సమయాన్ని ఆ బల్లే మింగేస్తుంది.

నేను ఇందులో వేలు కాల్చుకున్నవాణ్నే. కొన్నేళ్ల క్రితం బ్యాంకాక్‌లో ‘గుళ్ల టూర్’ అని నమ్మశక్యం కానంత తక్కువ ధరకు దొరికిందని సంబరపడి నలుగురం వ్యాను ఎక్కాం. నలభై ఆరు మీటర్ల పొడవున పవళించిన బుద్ధుణ్ని చూడటానికి గైడు నలభై నిమిషాలు ఇచ్చాడు. ఆ తరువాత రత్నాలు అమ్మే ఒక పెద్ద షోరూమ్ ముందు బండి ఆగింది. గుమ్మంలోనే ఒకమ్మాయి నవ్వుతూ అందరి చొక్కాల మీదా ఒక ఆకుపచ్చ స్టిక్కర్ అంటించింది. దాని మీద ఒక నంబరు ఉంది, మా అందరిదీ అదే నంబరు. చల్లటి రసం ఇచ్చారు, కెంపులు ఎలా తవ్వుతారో వీడియో చూపించారు, బయటికి వెళ్లే దారి అన్ని కౌంటర్లనూ చుట్టి వచ్చేదాకా కనిపించలేదు. గంటా పది నిమిషాలు. ఆ నంబరు మా వ్యానుది అనీ, ఎవరు ఏం కొన్నా అందులో వాటా ఆ నంబరు ఖాతాలోకి వెళుతుందనీ, ఏమీ కొనకపోయినా తలలు దింపినందుకే కొంత ముడుతుందనీ తిరుగు దారిలో డ్రైవరే వచ్చీరాని ఇంగ్లీషులో దాపరికం లేకుండా చెప్పాడు. టూర్ ఎందుకంత చవకో అప్పుడు తెలిసింది. మేము కొనుక్కున్నది గుళ్ల దర్శనం. వాళ్లు అమ్ముకున్నది మమ్మల్ని.

ఇదేదో నా ఒక్కడి అనుభవమని కొట్టేయడానికి లేదు. ఖర్చు కంటే తక్కువకు టూర్ అమ్మి, దుకాణాల వాటాలతో ఆ లోటు పూడ్చుకునే ఈ పద్ధతికి జీరో డాలర్ టూర్ అని పేరే ఉంది. చైనా 2013 అక్టోబరు 1న అమల్లోకి తెచ్చిన పర్యాటక చట్టంలో దీన్ని నిషేధించింది. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2016లో ఇలాంటి కంపెనీల మీద పెద్ద ఎత్తున దాడులు జరిపి బస్సులను స్వాధీనం చేసుకుంది. రెండు దేశాలు చట్టాలతో, పోలీసులతో తరిమిన వ్యాపారం అది. కనుక డే టూర్ ధర మరీ తక్కువగా కనిపించినప్పుడు అడగాల్సింది ఇంకెంత తగ్గిస్తారని కాదు. ఎన్ని దుకాణాల దగ్గర ఆపుతారు, ఒక్కొక్క చోట ఎంతసేపు అన్నది. ఆ గంటలకు కూడా వెల కట్టి ధరలో కలిపితేనే టూర్ అసలు ఖరీదు తెలుస్తుంది.

టూర్లను సమర్థించేవాళ్లు చెప్పే కారణాలు నాకు తెలియనివి కావు. భాష రాని చోట తోడుంటుంది, టికెట్ల క్యూలు తప్పుతాయి, పెద్దవాళ్లకు గుమ్మం నుంచి గుమ్మం దాకా దిగులుండదు, ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు పదిమంది మధ్య ధైర్యంగా ఉంటుంది. ఒకరో ఇద్దరో వెళ్లేటప్పుడు ఈ వాదనకు బలముంది. ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు ఇవే సుఖాలు సొంతంగా మాట్లాడుకున్న బండిలోనూ దొరుకుతాయి, పైగా మనవడికి ఆకలేసినప్పుడు బండి ఆగుతుంది.

అలాగని మీటరును దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఊరు దాటితే మీటరు కొంప ముంచుతుంది. దుబాయ్ నుంచి అబుదాబి షేక్ జాయెద్ మసీదు దాదాపు 140 కిలోమీటర్లు. మీటరు మీద వెళితే ఒకవైపుకే 250 దిర్హామ్‌లు దాటుతుంది, తిరుగు ప్రయాణం, అక్కడి వెయిటింగు వేరు. మసీదులోకి ప్రవేశం ఉచితం, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. రెండు నగరాల మధ్య సర్కారు బస్సు టికెట్ 25 దిర్హామ్‌లు. ఇక్కడ బస్సుతో పోటీ పడగలిగేది ఏదైనా ఉంటే అది రోజు లెక్కన మాట్లాడుకున్న బండే. మన ఊళ్లో కారు మాట్లాడేటప్పుడు ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు, ఆపైన కిలోమీటరుకు ఇంత, డ్రైవరు బత్తా ఇంత, టోలు ఎవరిది, పార్కింగు ఎవరిది అని అడగకుండా మనలో ఎవరైనా అడ్వాన్సు ఇస్తారా? విజయనగరం నుంచి అరకు వెళ్లేటప్పుడు నోటి చివర ఉండే ఈ ప్రశ్నలన్నీ బాలిలోనో కొలంబోలోనో దిగగానే ఎందుకు మరిచిపోతామో నాకు అర్థం కాదు. వేళ కూడా చూసుకోవాలి. సింగపూర్‌లో అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా మీటరు మీద సగం అదనంగా పడుతుంది. టోక్యోలో రాత్రి పది దాటితే ఇరవై శాతం. చవక విమానం తెల్లవారుజామున దింపుతుందని మురిసిపోయేవాళ్లు ఆ మిగులును టాక్సీకి చెల్లించుకుంటారు.

యాప్‌లో చూసి పోల్చుకుంటే సరిపోతుందనే కుర్రకారుకు ఒక్క మాట. 2018 మార్చిలో ఉబర్ ఆగ్నేయాసియాలోని తన వ్యాపారాన్నంతా అక్కడి పోటీ టాక్సీ యాప్ గ్రాబ్‌కు అప్పగించి వెళ్లిపోయింది. ఆ లావాదేవీ పోటీని దెబ్బతీసిందని సింగపూర్ పోటీ నియంత్రణ సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో రెండింటికీ కలిపి దాదాపు 1.3 కోట్ల సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది. తెర మీద కనిపించే అంకె ఆ నిమిషానికి ఎంత గిరాకీ ఉందో చెబుతుంది గాని, ఆ దారికి న్యాయమైన ధర ఎంతో చెప్పదు. వాన పడగానే పెరిగే అంకెను దేనితో పోలుస్తాం?

ధరను పోల్చే భారం ప్రయాణికుడి నెత్తిన పడటమే అసలు రోగమని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. పారిస్ 2016 నుంచి పెద్ద విమానాశ్రయం నుంచి నగరానికి టాక్సీ ధరను ఖరారు చేసి పెట్టింది. మొదట్లో సీన్ నదికి ఉత్తరపు ఒడ్డుకు 50 యూరోలు, దక్షిణపు ఒడ్డుకు 55. న్యూయార్క్‌లో కెన్నెడీ విమానాశ్రయం నుంచి మన్‌హాటన్‌కు 70 డాలర్లు, ఆపైన టోలు, సర్‌చార్జీలు ఏవో కూడా ముందే చెబుతారు. బ్యాంకాక్ సువర్ణభూమిలో మీటరు మీద విమానాశ్రయ రుసుము 50 బాట్‌లని అందరికీ తెలుసు, యంత్రం ఇచ్చే టాక్సీ చీటీ ప్రయాణికుడి చేతిలోనే ఉంటుంది. డ్రైవరు వేషాలేస్తే ఫిర్యాదుకు అదే ఆధారం. ఈ ఏర్పాటు ఉన్న చోట కొత్తగా దిగినవాడు ఎవరితోనూ బేరమాడక్కర్లేదు. లేని చోటనే తలకింత అనే టూర్ కౌంటర్ పుట్టుకొస్తుంది.

ఈ పని మనకు చేతకానిదా? మోటారు వాహనాల చట్టం, 1988లోని 67వ సెక్షన్ కిరాయి బండ్ల ధరలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. అయినా శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అని పేరు చూసి ఆమదాలవలసలో దిగినవాడు అక్కడి నుంచి శ్రీకాకుళం చేరడానికి ఎంతవుతుందో ఏ బోర్డు మీదా చదువుకోలేడు. పగలు ఒక రేటు, రాత్రి బండి దిగితే ఒక రేటు, చేతిలో సూట్‌కేసు ఉంటే ఇంకో రేటు. ఇన్నేళ్లలో అక్కడ మీటరు వేసిన ఆటో నేను ఒక్కటీ ఎక్కలేదు. తప్పు ఆటోవాళ్లదని నేను అనను. రేటు రాసి పెట్టవలసినవాళ్లు రాయకపోతే ఆ పూట గిట్టుబాటు వాళ్లే చూసుకుంటారు. సొంత ఊళ్లో న్యాయమైన ధర ఎంతో అడగడం అలవాటు లేనివాళ్లం కనుకనే పట్టాయా రేవులో కూడా అడగకుండా జేబులో చెయ్యి పెడుతున్నాం.

రేపు సాలిహుండం స్తూపాలు చూడాలని ఒక థాయ్ కుటుంబం భోగాపురం విమానాశ్రయంలో దిగుతుందనుకుందాం. ఆరుగురు, నాలుగు పెట్టెలు. బయటికి రాగానే వాళ్లకు కనిపించాల్సింది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన ఒక బోర్డు: విజయనగరానికి ఇంత, శ్రీకాకుళానికి ఇంత, విశాఖకు ఇంత, రోజంతా బండికి ఇంత. జిల్లా రవాణా అధికారులు ఒక పూట కూర్చుంటే అయ్యే పని. అది లేని పక్షంలో, అరసవల్లి, శ్రీకూర్మం, సాలిహుండం కలిపి తలకింత అంటూ లామినేషన్ చేసిన అట్ట పట్టుకుని వాళ్లకు ఎదురెళ్లే మనిషి మన కుర్రాడే అయి ఉంటాడు.