జెర్సీ డబ్బంతా క్లబ్బు జేబులోకేనా? ఒక ఫార్వర్డ్‌కి జవాబు

వారం తిరక్కుండా మూడు గ్రూపుల్లోంచి ఒకే మెసేజ్ వచ్చింది. మూడోసారి పంపింది గుంటూరు నుంచి మా బావగారు, "మీ సిడ్నీలో ఇలా దోచేస్తున్నారట, చూసుకో" అని ఒక ముక్క తగిలించి మరీ. మెసేజ్ సారాంశం ఇది: ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ జట్టు జెర్సీ 170 డాలర్లు. తయారీకి అయ్యేది 8 డాలర్లు, మిగతాదంతా క్లబ్బు లాభం. స్టార్ ప్లేయర్‌ని కొన్న డబ్బు అతని జెర్సీలు అమ్ముకుంటేనే వచ్చేస్తుంది. ఏటా డిజైన్ మార్చేది అందుకే. డూప్లికేట్ కూడా అదే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది కాబట్టి అది కొంటే ఎవరికీ నష్టం లేదు. కింద ఒక ఫొటో.

ముందు ఆ ఫొటో సంగతి. నల్ల జెర్సీ, గుండె మీద వెండి రంగు ఫెర్న్ ఆకు. అది న్యూజీలాండ్ ఆల్ బ్లాక్స్‌ది. వాళ్ళు ఆడేది రగ్బీ యూనియన్, జట్టుకి 15 మంది. రగ్బీ లీగ్‌లో 13 మందే. 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని, యూనియన్ నుంచి విడిపోయి పెట్టుకున్న ఆట ఈ రగ్బీ లీగ్. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళు మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పోయిన కూలి క్లబ్బు ఇవ్వచ్చా, కూడదా అన్నదే తగువు. అంటే ఈ ఆట పుట్టిందే డబ్బు లెక్క దగ్గర. అలాంటి ఆట మీద లెక్కలు చెప్పేటప్పుడు కనీసం ఫొటో అయినా సరైంది పెట్టాల్సింది.

ఇక 170 డాలర్లు. ఎక్కువే, ఆ మాట కాదనను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నలుగురికీ కొనాలంటే వారం సరుకుల డబ్బు దాటిపోతుంది. కానీ "మిగతాదంతా క్లబ్బుకే" అన్న దగ్గర లెక్క తప్పింది. తయారీ ఖర్చు మెసేజ్‌లో చెప్పినట్టు 8 డాలర్లే అనుకుందాం, దాని మీద పేచీ పెట్టను. ఇక్కడ షాపులో రాసే రేటులోనే 10 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. 170లో అది 15 డాలర్ల 45 సెంట్లు. మిగిలింది 154న్నర. బట్టల షాపు వాళ్ళు టోకు ధరకి దాదాపు అంతకంత వేసుకోవడం మామూలే, అద్దె, జీతాలు అందులోంచే రావాలి కదా. అంటే జెర్సీ కంపెనీ చేతికి వచ్చేది 77 డాలర్ల దరిదాపు. గుడ్డ, కుట్టు కూలి, ప్రింటు, ఓడ కిరాయి, గోడౌను, అమ్ముడుపోని సైజులు, అన్నీ కంపెనీ అందులోంచే భరించాలి. క్లబ్బుకి దక్కేది పేరు, గుర్తు వాడుకోనిచ్చినందుకు రాయల్టీ. క్రీడా సరుకులో అది సాధారణంగా టోకు ధర మీద 10 నుంచి 15 శాతం మధ్య. 77లో 10 శాతమంటే 7 డాలర్ల 70 సెంట్లు. 15 శాతమైతే పదకొండున్నర.

ఏ క్లబ్బు ఒప్పందం దానిదే. కొన్నిటికి ముందే ఇంతని గ్యారంటీ సొమ్ము వస్తుంది, కొన్నిటికి ఆటగాళ్ళ కిట్లు ఊరికే వస్తాయి. క్లబ్బు తన సొంత షాపులో అమ్మితే షాపు వాటా కూడా దానికే. నిజమే. కానీ అప్పుడు స్టాకు తలనొప్పి కూడా దానిదే. సీజన్ మార్చిలో మొదలవుతుంది, ఆర్డరు నెలల ముందే పెట్టాలి. ఎన్ని ఎక్స్‌ఎల్ సైజు, ఎన్ని పిల్లల సైజు 10 అని ఊహించి రాయాలి. జట్టు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడితే ఆ పెట్టెలు ఏమవుతాయో బట్టల కొట్టు నడిపిన ఎవరినడిగినా చెబుతారు.

అసలు నవ్వొచ్చేది స్టార్ ప్లేయర్ మాట. ఇది ఫుట్‌బాల్ నుంచి ఎత్తుకొచ్చిన కథ. 2018లో రొనాల్డో యువెంటస్‌కి వెళ్ళినప్పుడు ఇదే లెక్క ప్రపంచమంతా తిరిగింది. అక్కడే నిలవని లెక్క ఇక్కడికి తెచ్చి అతికించారు. ఆస్ట్రేలియా ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే ఇక్కడి నేషనల్ రగ్బీ లీగ్ పోటీలో, ఆటగాణ్ణి "కొనడం" మామూలుగా ఉండనే ఉండదు. కాంట్రాక్టు అయిపోయాక అతను ఇంకో క్లబ్బుకి వెళతాడు, పాత క్లబ్బుకి పైసా రాదు. ఇచ్చేది జీతమే. ఏడాదికి పది లక్షల డాలర్లు తీసుకునేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. జెర్సీకి 10 డాలర్లు వస్తాయనుకున్నా ఆ ఒక్క జీతానికి లక్ష జెర్సీలు అమ్మాలి, అదీ అతని కోసమే కొన్నవి, మామూలుగా అమ్ముడయ్యేవాటి మీద అదనంగా.

మరి అతని కోసమే కొన్నారని తేలేదెలా? మనకి 7 అంటే ధోనీ, 18 అంటే కోహ్లీ. ఎన్‌ఆర్‌ఎల్‌లో నంబరు మనిషిది కాదు, స్థానానిది. 1 ఫుల్‌బ్యాక్, 7 హాఫ్‌బ్యాక్, 9 హుకర్. ఈ వారం 7 వేసుకున్నవాడికి మోకాలు పట్టేస్తే వచ్చే వారం ఆ 7 ఇంకొకడి వీపు మీద ఉంటుంది. మంగళవారం జట్ల జాబితా వచ్చేదాకా ఎవరికి ఏ నంబరో ఖాయం కాదు. అందుకే షాపులో దొరికే జెర్సీ వీపు మీద మామూలుగా ఆటగాడి పేరు ఉండదు. ఉండేది స్పాన్సర్ పేరు.

పైగా, పోనీ జెర్సీల మీద కోట్లు వచ్చాయే అనుకోండి, వాటితో ఇష్టమొచ్చినట్టు ఆటగాళ్ళని తెచ్చుకునే వీల్లేదు. జీతాలకి లీగ్ ఒక పరిమితి పెట్టింది, శాలరీ క్యాప్ అంటారు. అది దాటి రెండు రకాల లెక్కల పుస్తకాలు నడిపినందుకు 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు దగ్గర 2007, 2009 టైటిళ్ళు రెండూ వెనక్కి లాగేసుకున్నారు. ఆ ఏడాది వాళ్ళు గెలిచినా ఓడినా పాయింట్లు సున్నా. ఇక జీతాల సొమ్ము ఎక్కడిదంటారా? ప్రధానంగా టీవీ హక్కులది. లీగ్ దాంట్లోంచి క్లబ్బులకి గ్రాంటు ఇస్తుంది, అది ఆ పరిమితి కన్నా ఎక్కువే ఉంటుంది. సిడ్నీలో కొన్ని జట్ల వెనక లీగ్స్ క్లబ్బులు, అంటే జనం తిని, తాగి, కాలక్షేపం చేసే క్లబ్బులు ఉన్నాయి, వాటిలో పోకర్ మెషీన్ల మీద, అంటే డబ్బులేసి ఆడే జూదం యంత్రాల మీద, వచ్చే ఆదాయం ఉంది. దోపిడీ గురించి రాయాలని సరదాగా ఉంటే ఆ మెషీన్ల గురించి రాయండి, నేనే పది గ్రూపుల్లో పంచుతాను.

జెర్సీలో క్లబ్బుకి నిజంగా డబ్బున్నది దాన్ని అమ్మడంలో కన్నా దాని మీద చోటు అద్దెకివ్వడంలో. 1976లో ఈస్టర్న్ సబర్బ్స్ జట్టు, ఇప్పటి రూస్టర్స్, సిటీ ఫోర్డ్ అనే కార్ల డీలర్ పేరు ఛాతీ మీద వేసుకుని దిగింది. సిడ్నీ పోటీలో జెర్సీ మీద స్పాన్సర్ రావడం అదే మొదలు. ఇప్పుడు ఛాతీ, వీపు, భుజాలు, మెడ కింద ఎముక మీద అరచేయంత జాగా, అన్నీ విడివిడిగా అద్దెకి. ఒక్క జెర్సీ అమ్ముడుపోకపోయినా ఆ డబ్బు వస్తుంది. మనం 170 పెట్టి కొని, రైలెక్కి, ఊరంతా తిరిగి ఆ స్పాన్సర్‌కి ఉచితంగా ప్రచారం చేసిపెడతాం. ఫార్వర్డ్ రాసినాయన కోపం ఇక్కడ పెట్టి ఉంటే నేనూ గొంతు కలిపేవాణ్ణి.

డిజైన్ మార్పు దగ్గర సగం ఒప్పుకుంటాను. హోమ్, అవే, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఆంజాక్ రౌండుకి (ఒక వారం మ్యాచ్‌లని రౌండు అంటారు) ఒకటి, ఇండిజినస్ రౌండుకి ఒకటి, పాతకాలం హెరిటేజ్ ఒకటి. ఇన్ని అవసరమా అంటే, అమ్మకాల శాఖకి అవసరం. అయితే ఇండిజినస్ జెర్సీని ఆ గాటన కట్టకండి. వాటిని గీసేది ఆదివాసీ కళాకారులు. ఏ గీత ఏ నది, ఏ చుక్క ఏ తెగ అని కథ చెబుతారు. ఆ వారం ఆదివాసీ ఆటగాళ్ళ మొహాలు చూస్తే అది అమ్మకం సరుకు మాత్రమే కాదని తెలుస్తుంది. ఆటగాళ్ళని అడక్కుండా చేస్తే ఏమవుతుందో 2022 జులైలో మ్యాన్లీ జట్టు చూసింది. తెల్ల అంచుల బదులు ఇంద్రధనస్సు రంగులు వేసి, స్వలింగ సంపర్కులు వగైరాలకి మద్దతుగా ప్రైడ్ జెర్సీ బయటపెట్టారు. ఏడుగురు ఆటగాళ్ళు మత కారణాలు చెప్పి "మేం వేసుకోం" అన్నారు, మ్యాచ్‌కే రాలేదు. ముందుగా మాట్లాడనందుకు కోచ్ డెస్ హాస్లర్ మీడియా ముందు క్షమాపణ చెప్పాడు. రూస్టర్స్ చేతిలో 20-10తో ఓడారు. జెర్సీలు మాత్రం అమ్ముడైపోయాయి.

రంగులు మారేది అంచుల్లోనే, మూలంలో కాదు. సౌత్ సిడ్నీ జట్టుది 1908 నుంచి ఎరుపు, ఆకుపచ్చే. ఆ క్లబ్బుని 1999 సీజన్ తర్వాత లీగ్ నుంచి తీసేశారు. 2000 నవంబరులో దాదాపు 80,000 మంది ఆ రంగులేసుకుని సిడ్నీ వీధుల్లో నడిచారు. కోర్టుకెళ్ళారు, 2002లో జట్టు తిరిగొచ్చింది. ఆడే జట్టే లేని రెండేళ్ళు జనం ఆ జెర్సీ వేసుకుంటూనే ఉన్నారు. "డిజైన్ మార్చి మోసం" అనే సూత్రంలో దీన్ని ఎక్కడ ఇరికిస్తారో నాకు తెలీదు.

చివరిది డూప్లికేట్. ఉప్పల్ స్టేడియం బయట ఆరెంజ్ జెర్సీలు పరిచి అమ్మేవాళ్ళ దగ్గర నేనూ కొన్నాను, కనుక నీతులు చెప్పే అర్హత లేదు. కానీ "అదే ఫ్యాక్టరీ" అన్న మాట నేను స్వయంగా పరీక్షించాను, తెలియకుండానే. రెండేళ్ళ కిందట మావాడు ఇక్కడి పర్రమట్టా ఈల్స్ జట్టు (ఈల్ అంటే పాములాంటి చేప, అదే వాళ్ళ గుర్తు) జెర్సీ అడిగాడు. ఆన్‌లైన్లో ఒకచోట 35 డాలర్లకి కనిపించింది. మనవాళ్ళ భాషలో ఫస్ట్ కాపీ. వచ్చింది. నీలం సిరా రంగులో ఉంది. బంగారు రంగు ఉండాల్సిన చోట నిమ్మకాయ పసుపు. భుజం మీది స్పాన్సర్ పేరులో ఒక అక్షరం లేదు. ఇప్పటి జెర్సీలకి చాలావరకు రంగుని కాగితం మీద అచ్చేసి, వేడిమీద తెల్ల పాలిస్టర్‌లోకి ఎక్కిస్తారు. రంగు దారంలోకి దిగిపోతుంది, గోరు పెట్టి గీకినా రాదు. ఇది మాత్రం రెండో ఉతుక్కే గుర్తు మీద పగుళ్ళు పట్టింది, ఈల్ తోక సగం ఊడింది. మావాడు దాన్ని బడికి ఒక్క రోజే వేసుకెళ్ళాడు. ఎందుకు మళ్ళీ వేసుకోలేదో అడిగితే చెప్పలేదు.

"ఎవరికీ నష్టం లేదు" అనేవాళ్ళకి, మొదటి నష్టం నా 35 డాలర్లు. క్లబ్బుకి పోయేది ఇందాకటి లెక్క ప్రకారం ఎనిమిదో పదకొండో, అదీ డూప్లికేట్ దొరక్కపోతే నేను అసలుది కొనేవాణ్ణయితేనే. చిన్న మొత్తమే. కానీ అన్ని సరుకులూ జెర్సీలు కావు. న్యూకాజిల్ మాజీ ఆటగాడు మార్క్ హ్యూస్‌కి 2013లో మెదడు క్యాన్సర్ అని తేలింది. ఆయన ఫౌండేషన్ పేరు మీద ఏటా ఒక రౌండులో ఉన్ని టోపీలు అమ్ముతారు, డబ్బు పరిశోధనకి వెళుతుంది. అలాంటి దానికి డూప్లికేట్ కొంటే పోయేది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

170 పెట్టలేమా, పెట్టొద్దు. అక్టోబరు మొదట్లో గ్రాండ్ ఫైనల్ అయిపోతుంది. ఆ తర్వాత ఇందాక చెప్పిన పెట్టెలన్నీ క్లియరెన్సు బల్ల మీదికి వస్తాయి. మావాడికి కిందటి ఏడాది అలాగే 60 డాలర్లకి అసలుదే దొరికింది. సైజు ఒకటి పెద్దది, చేతులు మోచేతుల కిందికి వస్తాయి. అది వేసుకున్న మావాడి ఫొటో బావగారికి పంపాను. ఆయన చూసి, "బాగుంది, వీపు మీద వాడి పేరు వేయించలేదేం?" అన్నారు.